దారం పక్కన కూజా

పెద్దమ్మ పోయింది. స్కూలుకు బయల్దేరుతూ టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే ఫోను మోగింది. ఎదురింటి ఆంటీ. పెద్దమ్మ ఉండే లైనులో, అంటే గని కూలీల ఇళ్ళ వరసలో, ఆమెకు ఎదురుగా మిగిలిన ఒకే ఒక్క కాపురం వాళ్ళది.

“అమ్మా, పెద్దమ్మ లేయలేదమ్మా. కాఫీ ఎత్తుకోని పోతిని. పిలిస్తే పలకలే. చెయ్యి ముట్టి చూస్తే చల్లగా ఉండాది. నువ్వు బిరీన వచ్చెయ్,” అంది.

నేను ఏడవలేదు. నేను అడిగిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకే విడ్డూరంగా ఉంటుంది. “ఇల్లు నిలబడి ఉండాదా ఆంటీ?” అన్నాను.

“ఇంటికేమి తల్లీ, ఇల్లు అట్లనే ఉండాది. మనిషే పోయింది.”

కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు నా ప్రశ్న వింతగా అనిపించదు. మా కాళ్ళ కింద నేల గుల్ల. తాతల కాలం నుంచి తవ్విన సొరంగాలు ఎటు నుంచి ఎటు పోతాయో పైన కాపురాలు చేసేవాళ్ళకు తెలియదు. గనులు మూసేశాక కింద నీళ్ళు తోడేవాళ్ళు లేకపోయారు. ఆ సొరంగాలు నిండుతూ వచ్చాయి. పెద్దమ్మ ఉన్న ఇల్లు ఏదో ఒకనాడు ఆమెను మింగేస్తుందని మేమంతా ఏళ్ళ తరబడి భయపడ్డాం. వానాకాలం వస్తే మా అమ్మకు నిద్ర ఉండేది కాదు. అలాంటిది, పెద్దమ్మ తన మంచం మీద, తన దుప్పట్లో, నిద్రలోనే పోయింది. అదృష్టవంతురాలు అన్నారు వచ్చినవాళ్ళంతా. నేనూ మధ్యాహ్నం దాకా అదే అనుకున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. మా వాళ్ళు చిత్తూరు వైపు పల్లెల నుంచి గని పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. పెదనాయన భూమి కింద కొయ్యలు నిలబెట్టే పని చేసేవాడు. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు ఊతంగా పెట్టడం ఆయన పని. పెద్దమ్మ ఆఫీసర్ల బంగళాలో ఊడ్చి, తుడిచి, వంట చేసేది. వాళ్ళకు పిల్లలు లేరు. నా చిన్నతనంలో మా అమ్మకు టైఫాయిడ్ వస్తే, తగ్గేదాకా అని నన్ను తన దగ్గరికి తీసుకుపోయింది. అమ్మకు తగ్గింది, నేను మాత్రం కదల్లేదు. చక్కగా అన్నం కలుపుకోవడం, జడ వేసుకోవడం, పెద్దల ముందు నోరు మూసుకోవడం నాకు నేర్పింది ఆమే. ఆ ఆఖరిది నాకు పూర్తిగా అబ్బలేదు. ఆమెకూ అబ్బలేదు కాబట్టి ఎవరి దగ్గర నేర్చుకోను?

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి పోయినా, బల్ల అంచున గ్లాసో గిన్నో కనిపిస్తే ఒక వేలితో లోపలికి నెట్టేది. మాట ఆపకుండానే నెట్టేది. నా పెళ్ళిలో తాంబూలాల పళ్ళేలన్నీ అలా నెట్టుకుంటూ పోయి పురోహితుడి చేత చీవాట్లు తింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా స్కూలు చూడాలని బంగారపేట వచ్చింది. హెడ్మాస్టరు గదిలో ఆయన నీళ్ళ గ్లాసు అంచున ఉంది. ఈమె నెట్టింది. ఆయన ఒక గుక్క తాగి మళ్ళీ అంచునే పెట్టాడు. ఈమె మళ్ళీ నెట్టింది. నేను తల ఎత్తలేకపోయాను. బయటికి వచ్చాక, “ఏమి పెద్దమ్మా ఇది?” అంటే, “అంచున పెట్టింది మనది కాదమ్మా. చదువుకున్నోడు, ఆ మాత్రం తెలీదా?” అంది.

ఆ అలవాటు ఆమె ఒక్కదానిదే కాదు. లైన్లలో కాపురం చేసిన ఆడవాళ్ళందరి వేళ్ళకూ ఎంతో కొంత ఉండేది. గనులు నడిచే రోజుల్లో భూమి కింద రాయి ఉన్నట్టుండి పగిలేది. బరస్ట్ అనేవాళ్ళం. పైన ఇళ్ళన్నీ ఒక్కసారి ఎగిరిపడేవి. రేకుల పైకప్పు దడదడమనేది, తట్టలో పోసిన బియ్యం జారేది, అటక మీద అంచున ఉన్న గిన్నె కింద పడేది. ఆ తర్వాత ఒక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే ఆడవాళ్ళు లెక్క వేసుకునేవాళ్ళు, తమ మనిషి ఏ షిఫ్టులో ఉన్నాడో. సైరన్ మోగితే ఇక చేతిలో పని చేతిలోనే వదిలేసి గని ముఖానికి పరుగు. అందుకే గిన్నెలు గోడకు ఆనించి పెట్టుకోవడం మాకు పూజ చేసినంత నియమం.

ఇక ఆ పటం సంగతి. పెద్దమ్మ గురించి రాస్తూ దాని గురించి రాయకపోతే సగం మనిషిని వదిలేసినట్టే.

అది బంగళా ముందుగదిలో ఉండేది. తలగడంత పటం, నూనె రంగులతో వేసింది. దొరల కాలంలో ఎవరో తెచ్చి, పోతూ మరిచిపోయారట. ఆ తర్వాత వచ్చిన ఆఫీసర్లు కుర్చీలు, బల్లలతో పాటు దాన్నీ ఒకరికొకరు అప్పగించుకుంటూ వచ్చారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల. దాని మీద నీలం, బూడిద కలిసిన రంగు కూజా. ఒక పళ్ళెంలో బేరికాయలు. సగం కోసిన రొట్టె. పక్కన కత్తి, దాని పిడి బల్ల అంచు దాటి మనవైపు పొడుచుకొచ్చి ఉంటుంది. ఒక బేరికాయ మాత్రం పళ్ళెంలో లేదు, బల్ల అంచున ఉంది. వెనక గోడ ముదురు ఆకుపచ్చ, నలుపు అనుకున్నా తప్పు లేదు. బొమ్మలో మనిషి లేడు. అన్నిటికన్నా వింత, ఆ బల్ల కుడివైపుకు వాలి ఉంటుంది. దానితో పాటు కూజా కూడా. రంగు ఎంత మందంగా పూసి ఉందంటే, వేలితో తడిమితే పెచ్చులూడే సున్నపు గోడను ముట్టుకున్నట్టుండేది.

చిన్నప్పుడు పెద్దమ్మతో బంగళాకు పోయినప్పుడు చూశాను. ఆమె ఆ పటాన్ని పొడిగుడ్డతో తుడుస్తున్నంతసేపూ రెండో చెయ్యి దోసిలిలా ఆ బేరికాయ కింద పట్టుకునేది. నేను నవ్వితే, “నవ్వుతావేమి? పడితే నువ్వు పట్టుకుంటావా?” అని కసిరేది.

గనులు మూసేశాక బంగళా ఖాళీ చేసే రోజు వచ్చింది. ఆఖరి ఆఫీసరు భార్య మంచి మనిషి. పనివాళ్ళను పిలిచి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి అంది. ఒకరు ఫ్యాను, ఒకరు పేముకుర్చీ, తోటమాలి గడ్డి కోసే మిషను ఎత్తుకున్నారు. పెద్దమ్మ ఆ పటాన్ని దుప్పట్లో చుట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చింది. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. “నీకేమన్నా పిచ్చా అక్కా? మంచి బీరువా ఉండాదంటివి గదా!”

“బీరువాకు ఎవరైనా దొరుకుతారు. దీన్ని ఎవరు చూసుకుంటారు చెప్పు?” అంది పెద్దమ్మ.

ఆ వారమంతా లైను జనం వచ్చి చూసిపోయారు. చర్చి ఫాదర్ కూడా వచ్చి వెనక అంటించిన చిరుగు చీటీ చదివాడు. ఫ్రాన్సు దేశపు ఆధునిక చిత్రకారుడు వేసిందట. పేరున్న ముక్క చిరిగిపోయింది. పండ్లు, పాత్రలు ఇలా కదలకుండా పెట్టి వేసే బొమ్మలు ఆ దేశంలో చాలా వేస్తారని చెప్పాడు. “ఇది కదలకుండా ఉండాదా ఫాదర్? మీరు సరిగ్గా చూడలే,” అంది పెద్దమ్మ. ఆయన మళ్ళీ దగ్గరికి పోయి చూసి వెళ్ళిపోయాడు.

కానీ ఆ బొమ్మకు అసలు అర్థం చెప్పింది మా లైను చివర ఉండే ముసలాయన. ఆయన పెదనాయనతో కలిసి కింద పనిచేసినవాడు. పటం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“ఇది బరస్ట్ వచ్చినప్పుడు వేసినాడు. చూడండి, బల్ల ఎట్ల ఒరిగిందో,” అన్నాడు.

“మరి మనుషులు యాడ?” అని ఎవరో అడిగారు.

“యాడ ఉంటారు? సైరన్ కూసింది. తినేది అట్లనే ఇడిసిపెట్టి పరిగెత్తినారు. రొట్టె సగం కోసి ఉండాది, కనపడలేదా? కత్తి కూడా పెట్టను లేదు, పారేసి పోయినారు.”

ఎవరూ నవ్వలేదు. అదే నిజమని అందరికీ తోచింది. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఆ బొమ్మను చూసి తిండి గుర్తొస్తుందేమో, అందం గుర్తొస్తుందేమో. మా లైనులో మాత్రం అందరికీ ఇంటి ఆడమనిషి ఎటు పరిగెత్తిందో అదే గుర్తొచ్చింది. పెద్దమ్మ లోపలికి పోయి ఆ పూట ఇక బయటికి రాలేదు.

పెదనాయన పోయిన రోజు గురించి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. నేను పెళ్ళయి వెళ్ళేముందు, చింతపండు గింజలు తీస్తూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

“వంకాయలు తరగతా ఉంటిని. పొయ్యిగట్టు మీద. ఇల్లంతా ఎగిరి పడింది. సైరన్ కూసింది. పోతిని. పొద్దు గుంకేదాకా ఆడనే నిలబడితిమి. మనుషుల్ని ఎక్కించుకోని కేజ్ పైకి వచ్చినప్పుడల్లా అందరం మొహాలు చూస్తిమి. ఆయప్ప రాలే. తవ్వేదానికి లేదు, ఆ చోటు మొత్తం మూసుకపాయ అన్నారు. మనిషినే ఇయ్యలేదమ్మా నాకు. ఇంటికి వస్తి. గిన్నెలన్నీ కింద పడి ఉండాయి. ఆ కత్తీ, ఒక వంకాయా మటుకు గట్టు అంచున అట్లనే నిలబడి ఉండాయి. లోపలికి నెట్టితిని. ఇంగేమి చేసేది?”

అంచున ఉన్న గ్లాసును నెట్టే ఆ వేలిని చూసి నేను ఆ తర్వాత ఎప్పుడూ నవ్వలేదు.

పెదనాయన ఆగిపోయిన సొరంగం సరిగ్గా తమ లైను కిందనే పోతుందని ఆమె నమ్మకం. ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ అవునని గానీ కాదని గానీ తేల్చలేదు. “ఆయప్ప కింద ఉండాడు, నేను పైన ఉండాను. గోడకు అటూ ఇటూ ఉన్నట్లు,” అనేది. ఇల్లు వదిలి రమ్మని ఎవరు అడిగినా ఆమె జవాబు అదే.

పటాన్ని గోడకు పెట్టడానికి ఆమె పడ్డ తంటా నాకు బాగా గుర్తు. మామూలుగా పెడితే బొమ్మలోని బల్ల వాలిపోతుంది. అది ఆమెకు సహించలేదు. పెదనాయన ఇంట్లో వదిలిపోయిన ఇత్తడి గుండు ఒకటి ఉండేది. మేస్త్రీలు గోడ నిలువు చూడటానికి దారం కట్టి వేలాడదీస్తారే, అలాంటిది. ఆయన కింద దుంగలు నిలబెట్టేటప్పుడు దానితోనే చూసుకునేవాడు. పెద్దమ్మ ఆ గుండును పైకప్పు దూలం నుంచి గోడ పక్కన వేలాడదీసింది. దారం కదలకుండా నిలిచాక, దాని పక్కన పటం పట్టుకుని, బొమ్మలోని కూజా ఆ దారానికి సమంగా నిలువుగా వచ్చేదాకా చట్రాన్ని వంచింది. కుడివైపు రెండు వేళ్ళ మందం పైకి లేచింది. అప్పుడు కింద రెండు మేకులు కొట్టి, వాటి మీద పటాన్ని కూర్చోబెట్టి, పైన ఒక మేకు వంచి పట్టించింది. తాడుకు వేలాడదీస్తే బరస్ట్ వచ్చినప్పుడు ఊగుతుందట. గనులు మూసేశారు కదా, ఇంకేం బరస్ట్ అంటే, “రాయికి చెప్పినారా, మూసేసినామని?” అంది.

అలా ఆ ఇంట్లో పటం వంకరగా, దానిలోని బల్ల సమంగా ఉండేవి. వచ్చినవాళ్ళంతా సరిచేయబోయేవాళ్ళు. మా స్కూలు డ్రాయింగు సారును ఒకసారి వెంట తీసుకుపోయాను. ఆయన ముచ్చటపడిపోయాడు. చిత్రకారుడు కావాలనే అలా వాల్చి వేశాడని, ఒకే వస్తువును పై నుంచీ పక్క నుంచీ చూసినట్టు వేయడం ఆ కాలపు పద్ధతి అని, చట్రాన్ని నేరుగా పెట్టి చూడాలని ఓపికగా చెప్పాడు. పెద్దమ్మ అంతకన్నా ఓపికగా విన్నది. “మీరు చెప్పేది నిజమే సార్. ఈ బొమ్మేసిన ఆయప్ప ఊర్లో గనులు లేవేమో. బల్ల ఒరిగితే సొగసు అనుకున్నాడు,” అంది. సారు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టగానే దాన్ని లోపలికి నెట్టింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక లెక్క ఏర్పడింది. ఎప్పుడైనా కింద నుంచి గుడగుడమని చప్పుడు వస్తే, అటక మీద గిన్నెలు చిన్నగా మోగితే, మేము ముందు చూసేది ఆ కూజాను. దారానికి సమంగా ఉందా? ఉంది. అయితే ఇంటికేమీ కాలేదు. పెద్దమ్మే మాకు ఆ లెక్క నేర్పింది.

తర్వాత్తర్వాత చప్పుళ్ళు ఎక్కువయ్యాయి. బరస్టుల్లాగా ఒక్క దెబ్బ కాదు. కింద ఎవరో పెద్ద బండను మెల్లగా జరుపుతున్నట్టు ఉండేది. కింద నీళ్ళు నిండుతున్నాయని కొందరు, నానిన దుంగలు విరుగుతున్నాయని కొందరు అన్నారు. దుంగలు అన్న మాట వస్తే పెద్దమ్మ మొహం చిట్లించేది. “ఆయప్ప నిలబెట్టినవి విరగవు,” అనేది. ఒక వానాకాలం పక్క లైనులో ఒకరి పెరడు కుంగి బావంత గొయ్యి పడింది. అందులో ఒక ములగచెట్టు నిలువునా దిగిపోయింది. దాని కొనకొమ్మలు మాత్రం నేల మీద పొదలాగా కనిపించాయి. ఆ నెలలోనే ఆ లైను ఖాళీ అయింది. తర్వాత మా లైను. రేకులు, తలుపులు ఊడదీసుకుని ఒక్కొక్కరే పోయారు. చివరికి పెద్దమ్మ, ఎదురింటి ఆంటీ వాళ్ళు మిగిలారు.

నేను ప్రతి ఆదివారం పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ పోట్లాటే. బంగారపేటలో మా ఇల్లు ఉంది, రమ్మన్నాను. మా దగ్గర వద్దంటే బూదికోటలో మేనమామ ఇంట్లో ఒక గది ఉంది, అక్కడన్నా ఉండమన్నాను. మా అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. పెద్దమ్మ అన్నీ విని, లేచి, పటం దగ్గరికి పోయి నిలబడేది.

“రా, నువ్వే చూడు. కూజా ఎట్లుండాది?”

“నిలువుగానే ఉండాది.”

“దారానికి సరిగ్గా ఉండాదా లేదా?”

“ఉండాది.”

“ఇంగ గమ్మున ఉండు. కూడు తిందువు రా.”

నేను గమ్మున ఉండి అన్నం తినేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ కూజాను చూసి ఊపిరి పీల్చుకుని బంగారపేట బస్సెక్కేదాన్ని.

చిన్న చిన్న సంగతులు కనిపించకపోలేదు. పొయ్యి మూలన మంచం కోడు కింద ఇటుక వచ్చింది. అడిగితే, కోడుకు చెద పట్టింది అంది. తలుపు తీసి వదిలితే దానంతట అదే మూసుకునేది. కొత్త సీల వేయించినాను, బిగువుగా ఉండాది అంది. గచ్చు కడిగితే నీళ్ళు వాకిలి వైపు తూముకు పోవడం మానేశాయి. తూములో ఎలుక సచ్చింది అంది. ప్రతి దానికీ ఆమె దగ్గర తడుముకోకుండా జవాబు ఉండేది. తడికల మీద మట్టి మెత్తిన గోడలు కావడం వల్ల ఎక్కడా పగులు కూడా కనిపించలేదు.

ఈ మధ్య కొన్నేళ్ళుగా నాకు ఒక మార్పు కనిపించి సంతోషం కూడా కలిగింది. పటం వంకర తగ్గుతూ వస్తోంది. కుడివైపు రెండు వేళ్ళ ఎత్తు ఒక వేలి ఎత్తయింది. పోయిన ఉగాదికి చూస్తే పటం గోడకు చక్కగా, క్యాలెండరు తగిలించినంత నేరుగా ఉంది. “పటం సరిచేసినావే!” అన్నాను.

“ఊఁ. మీ డ్రాయింగు సారు మాట ఎందుకు తీసెయ్యాల అని,” అంది పెద్దమ్మ, నా వైపు చూడకుండా.

పోనీలే, ఇన్నాళ్ళకు ఆమె మనసులో ఆ భయం చల్లారింది అనుకున్నాను. ఆ రోజే, నేను బయల్దేరుతుంటే వాకిట్లో నిలబడి ఒక మాట అంది. “ఆయప్ప పైకి రాలేడు గదమ్మా. ఇంగ నేనే కొంచెం కొంచెం దిగతా ఉండాను.” వయసు మీద పడ్డవాళ్ళు అనే మాటే కదా అని, “ఊరుకో పెద్దమ్మా,” అని బస్సుకు పరుగెత్తాను.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం మగవాళ్ళు మట్టి చేయడానికి తీసుకుపోయారు. శవం వెళ్ళాక ఇల్లు కడగాలి. మా అమ్మ లేవలేని స్థితిలో ఎదురింటి అరుగు మీద కూర్చుంది. ఆంటీ బిందెలతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర పెట్టింది. నేను చీపురు తీసుకుని లోపలికి పోయాను. కడిగేముందు తడవకుండా ఆ పటాన్ని తీసి బయట పెట్టాలనిపించింది. దాన్ని ముట్టుకోబోయి, అలవాటు కొద్దీ కూజా వైపు చూశాను. దారానికి సమంగా ఉంది. చట్రం వైపు చూశాను. గోడకు సమంగా ఉంది.

అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

ఆ రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. కూజా బొమ్మలోనే వాలి ఉంది. చట్రం నేరుగా ఉంటే కూజా దారానికి ఒరిగి కనిపించాలి. కూజా నిలువుగా ఉంటే చట్రం వంకరగా ఉండాలి. రెండూ సమంగా ఉన్నాయంటే వంకర ఇంకెక్కడో ఉంది.

పటం తీశాను. ఎడమవైపు మేకుకు ఒకటే బెజ్జం. కుడివైపు ఒకదాని కింద ఒకటి బెజ్జాలు, చీమల బారు లాగా కిందికి దిగుతూ వచ్చాయి. పాతవాటిలో సున్నం నింపి ఉంది. ఇల్లు ఎడమవైపుకు, పొయ్యి మూలకు, కొంచెం కుంగినప్పుడల్లా ఆమె మేకు పీకి, కొంచెం దించి, మళ్ళీ కూజాను దారానికి నిలబెట్టింది. పటం సరికాలేదు. ఇల్లే ఆ బొమ్మలోని బల్లంత వాలిపోయింది. దారానికి జానెడు దూరంలో తలుపు చట్రం ఒరిగి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూజాను వదిలి దాని వైపు చూసి ఉంటే తెలిసేది. ఆమె వేలు చూపించిన చోటే చూశాం మేమంతా.

ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. నన్ను కన్నబిడ్డలా పెంచిన మనిషి, ప్రతి ఆదివారం నా మొహం మీదే నన్ను మోసం చేసింది. నేను నిశ్చింతగా బస్సెక్కి పోవాలని ఎప్పుడో ఒంటరిగా స్టూలెక్కి మేకులు పీకి కొట్టుకుంది. ఎవరి గ్లాసూ అంచున ఉండనివ్వని మనిషి, తాను మాత్రం పోయి అంచున కూర్చుంది. తనను లోపలికి నెట్టేవాళ్ళు రాకుండా చూసుకుంది. ఇంత ప్రేమను ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

“ఏమి చేస్తా ఉండావమ్మా లోపల? బిరీన కడిగి వచ్చెయ్, నాకు భయంగా ఉండాది,” అంది ఆంటీ బయట నుంచి.

బిందె ఎత్తి వాకిలి దగ్గర నుంచి పోశాను. నీళ్ళు గడప వైపు ఒక్క చుక్క కూడా రాలేదు. పసుపు, పూలరేకులు కలుపుకుని, ఎవరో పిలిచినట్టు నేరుగా పొయ్యి మూలకు పోయాయి. అక్కడ నిలవలేదు. గోడ కింద చీకటిగా ఒక సందు ఉంది, నా అరచెయ్యి పట్టేంత. నీళ్ళన్నీ అందులోకి పోయాయి. పొయ్యిగట్టు మీద ఆమె తాగే ఇత్తడి గ్లాసు గోడకు ఆనించి పెట్టి ఉంది.

రెండో బిందె పోశాను. అదీ అటే పోయింది. చీపురుతో పని పడలేదు.

పటం చంకలో పెట్టుకుని, గ్లాసు తీసుకుని బయటికి వచ్చాను. దారం, గుండు అలాగే వదిలేశాను. గడప అవతల చెప్పులు వేసుకుంటుంటే, లోపల ఎక్కడో చాలా కింద, నీళ్ళు ఇంకా దిగుతున్న చప్పుడు వినిపించింది.